మార్జిన్‌లో పెన్సిలు రాత

కీర్తన నా పుస్తకాల అరలో చెయ్యి పెట్టి సరిగ్గా ఆ పుస్తకాన్నే లాగుతుందని నేను అనుకోలేదు. కొత్తవీ, మంచి అట్టలున్నవీ ఎన్నో ఉన్నాయి. అన్నీ వదిలేసి, అట్ట ఊడిపోయి వెన్నుకు గోధుమరంగు కాగితం అంటించి ఉన్న ఆ సన్నటి పుస్తకాన్నే లాగింది. ఆ అమ్మాయికి నేను గద్వాల హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. విత్తనపత్తి చేలలో పనిచేసిన ఆడపిల్లల గురించి ఏదో వ్యాసం రాయాలట. "ఈ పుస్తకం ఏడ దొర్కుతలేదు మేడం. మీ దగ్గర ఉంటదని మా సారు చెప్పిండు," అంటూ నిలబడే పేజీలు తిప్పింది. తిప్పుతూ ఒకచోట ఆగింది. ఆ చోటు ఏదో చూడకుండానే నాకు తెలుసు. "ఈడ పక్కన పెన్సిలుతోని అబద్ధం, అబద్ధం అని రాసి ఉన్నది. ఎవరు రాసిండ్రు మేడం?" పాత పుస్తకం, ఎవరెవరి చేతులు మారి వచ్చిందో నాకేం తెలుసని చెప్పి, చాయ్ పెట్టుకొస్తానని వంటింట్లోకి నడిచాను. రోజూ పిల్లల ముందు నిలబడి నిజం చెప్పాలని పాఠం చెప్పే మనిషిని, ఒక్క ప్రశ్నకు జడిసి పొయ్యి దగ్గర దాక్కున్నాను. కీర్తన కాక మరెవరు అడిగినా అంత జడిసేదాన్ని కాదు. ఆ పిల్ల ఎస్తేరు కూతురు.

ఎస్తేరు ఎవరో చెప్పాలంటే మా ఇంటి గురించి చెప్పాలి. గద్వాల అప్పటికింకా జిల్లా కాలేదు. మా ఊళ్ళో కొద్దో గొప్పో నీళ్ళున్న ప్రతి రైతూ విత్తనపత్తి వేసేవాడు, మా నాయినతో సహా. విత్తనపత్తిలో పువ్వుకు పువ్వును మనిషే చేత్తో కలపాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ వరుసలో వెతికి పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకులూ పుప్పొడీ ఒలిచేసి, లోపలి సన్నటి కాడ ఒక్కటే మిగల్చాలి. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. పొద్దున మంచు ఆరాక మగ వరుసలోంచి పువ్వు తెంపి ఆ కాడకు రుద్దాలి. దీన్ని మా వైపు క్రాసింగు అంటారు. శ్రావణం నుంచి దీపావళి దాకా అదే పని, ఒక్క రోజు మానినా ఆ రోజు పూలు పోయినట్టే. ఆ నెలల్లో మా ఇంట్లో అన్నం కూడా మందు వాసన వేసేది. మందు కొట్టే పంపు వసారాలో తువ్వాళ్ళ పక్కనే వేలాడుతుండేది, దాన్ని తీయమని అమ్మ అనడం, తీస్తానని నాయిన అనడం, రెండూ రోజూ జరిగేవి. చిన్నపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి కనక ఈ పని వాళ్ళే బాగా చేస్తారని అందరూ అనేవాళ్ళు. అది సగం నిజం. మిగతా సగం మా అవ్వ దగ్గర ఉండేది.

అవ్వ అంటే మా నాయిన తల్లి. తెల్లవారకముందే లేచి, ఇత్తడి చెంబుతో మొహం కడుక్కుని, పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని, చేతికర్రతో చేనుకు పోయేది. చేను మా ఇంటి వెనకే, దొడ్డిగోడ ఎక్కితే మొత్తం కనిపించేది. గట్టు మీద నిలబడి, వచ్చిన ప్రతి ఆడపిల్లనూ ఎగాదిగా చూసి, ఒకే మాట అడిగేది: "ఎవరన్న దూరమున్నోళ్ళు ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. చెట్టు ముట్టొద్దు." నెలసరిలో ఉన్న మనిషి చెయ్యి తగిలితే పూత రాలిపోతుందని అవ్వ గట్టి నమ్మకం. అవ్వ ఒక్కతే కాదు, ఆ చుట్టుపక్కల రైతులంతా అదే నమ్మేవాళ్ళు. పెద్దమనిషి అయిన పిల్లను పనికి పెట్టుకుంటే నెలలో నాలుగు రోజులు రాదు, వచ్చిన రోజుల్లో కూడా దాచిందేమోనన్న అనుమానం పోదు. ఇంకా కాని పిల్లలైతే ఏ బెంగా లేదు. అందుకే మా చేలనిండా పదేళ్ళవాళ్ళూ పన్నెండేళ్ళవాళ్ళే. నేనూ బడి లేనప్పుడు వాళ్ళతో పనిచేసేదాన్ని, అయితే నన్ను ఎవరూ తొందర పెట్టేవాళ్ళు కాదు.

ఎస్తేరు నా క్లాసే. చర్చి పక్కన కాలనీలో వాళ్ళ ఇల్లు. వాళ్ళ అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు, సీజను లేనప్పుడు బెంగళూరు కట్టుబడి పనులకు పోయేవాళ్ళు. బడిలో నన్ను "పద్మా" అని పిలిచేది, లెక్కలు తప్పు చేస్తే నెత్తిన మొట్టేది. మా చేను గట్టు ఎక్కగానే "పద్మమ్మా" అనేది. ఎవరూ నేర్పలేదు, తనే మార్చుకునేది. నాకు ఆ రెండో పిలుపు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఏడో తరగతిలో ఉండగా, క్రాసింగు నడుమ, నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద మూలన కూర్చోబెట్టి నువ్వులూ బెల్లం తినిపించారు, చుట్టాలొచ్చి పాటలు పాడారు. అయిపోయాక కూడా చేనులోకి పోనివ్వలేదు. రైతు బిడ్డ ఇక చేలలో తిరగడమేమిటని అవ్వ తీర్పు. ఒకరోజు ఎస్తేరు దొడ్డివైపు నుంచి వచ్చి, కిటికీ కింద కూర్చుని, చాలాసేపు పుల్లతో నేల గీకి, చివరికి చెప్పింది. తనకూ అయ్యిందట, నాకంటే ముందే. అవ్వ అడిగిన ప్రతిసారీ లేదనే చెబుతోందట. "తెలిస్తే అవ్వ రానియ్యదు. మా అమ్మకి గూడ చెప్పలే. నీ ఒక్కదానికే చెప్తున్న," అంది. ఒట్టు వేయించుకోలేదు. నేను చెప్పనని తనకు అంత నమ్మకం.

ఆ ఏడు దసరా ముందు ముసురు పట్టింది. వానకు పత్తిపూత రాలుతుందని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. అవ్వకూ తెలుసు. కానీ కంపెనీ తరఫున తిరిగే మనిషి వచ్చి చేను చూసి, నాయినను నలుగురిలో చిన్నబుచ్చి పోయాడు. ఆ సాయంత్రం అవ్వ నా జడ వేస్తూ, "ఎవర్తో దాసింది. లేకుంటే గింత పూత ఎట్ల రాలుతది," అని గొణిగింది. ఒకసారి కాదు, జడ అయ్యేదాకా గొణుగుతూనే ఉంది. నేను మూలన పడి ఉంటే ఎస్తేరు పూలలో తిరుగుతోందన్న కడుపుమంట నాకు లోపల ఉంది. ఆ మంట పేరు అప్పుడు నాకు తెలియదు. "ఎస్తేరు," అన్నాను. అంతే, ఒక్క మాట.

తెల్లారి నేను దొడ్డిగోడ మీద ఉన్నాను. అవ్వ అరవలేదు, కొట్టలేదు. ఎస్తేరును పక్కకు పిలిచి అడిగింది. "లేదవ్వా," అంది ఎస్తేరు. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదంది. అప్పుడు అవ్వ పనిలో ఉన్న ఒక పెద్దావిడను పిలిచి, ఎస్తేరును మోటరు గది వెనక్కి తీసుకుపోయి చూసి రమ్మంది. పిల్లలంతా పని ఆపి నిలబడ్డారు. నాయిన అక్కడే ఉన్నాడు. తల తిప్పుకుని కాలువ వైపు చూస్తున్నాడు. వాళ్ళిద్దరూ తిరిగొచ్చారు, పెద్దావిడ అవునన్నట్టు తల ఊపింది. అవ్వ బిందెలో పసుపు కలిపించి వరుసల మీద చల్లించింది. ఎస్తేరు పుప్పొడి అంటిన చేతుల్ని దూరంగా పట్టుకుని, లంగాకు కూడా తుడుచుకోకుండా, గట్టు వెంట నడిచి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఆమెను ఇంకే రైతూ పిలవలేదు, మాట ఊరంతా పాకింది. బడికి రావడం కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది. దీపావళి కాకముందే వాళ్ళ అమ్మానాన్నలు తనను వెంటబెట్టుకుని బెంగళూరు బస్సెక్కారు.

తర్వాత ఏళ్ళలో నేను చదువుకున్నాను. వీపనగండ్లలో మా మేనమామ ఇంట్లో ఉండి ఇంటరు, అక్కడక్కడ తిరిగి డిగ్రీ, వనపర్తిలో బీఎడ్. ఎస్తేరును మరిచిపోలేదు. అంతకంటే అధ్వాన్నమైన పని చేశాను, ఆమె మీద కవిత రాశాను. ఆ కవితలో ఒక పిల్ల పూలకు పెళ్ళి చేస్తుంది, దాని వేళ్ళకు అంటిన పుప్పొడి పెళ్ళికూతురి పసుపవుతుంది, పిల్ల నవ్వుతూ ఉంటుంది. గట్టు మీద అవ్వ లేదు. మోటరు గది లేదు. కాలేజీలో పెట్టిన కవి సమ్మేళనంలో చదివితే చప్పట్లు ఆగలేదు. ఒక మాసపత్రిక అచ్చు వేసింది. వనపర్తిలో నన్ను కవయిత్రి అనడం మొదలైంది, నాకది బాగానే తలకెక్కింది.

ఆ గాలి తీసిన పుస్తకాన్ని మా లెక్చరరే ఇచ్చాడు. "నీ కవిత ప్రస్తావన కూడా ఉందమ్మా, చూడు," అన్నాడు, మెచ్చుకోలో వెక్కిరింతో తెలియకుండా. పల్లెల్లో కులం, పని, ఆడపిల్లల బతుకు గురించి ఊరూరా తిరిగి విని రాసిన విమర్శ అది. శనివారం మధ్యాహ్నం గద్వాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెరిచాను. పెబ్బేరు దాటేదాకా మిగతా ఊళ్ళ సంగతులు చదివి తల ఊపుతూనే ఉన్నాను. ఊరి పేరు మనది కానంతసేపూ విమర్శ ఎంత బాగుంటుందో. బీచుపల్లి వంతెన మీదికి బస్సెక్కేసరికి మా విత్తనపత్తి వచ్చింది. రచయిత మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ ఎత్తిరాయను, సారం చెబుతాను. ఈ ప్రాంతపు కవయిత్రి ఒకామె ఈ పిల్లల వేళ్ళను చూసి మురిసిందట. వేళ్ళ దగ్గరే ఆగిపోయిందట. గట్టు మీద రోజూ అడిగే ప్రశ్న ఆమె చెవిన పడలేదా అని, సీజను మధ్యలో మాయమైన పిల్లలు ఏమయ్యారో ఎన్నడైనా అడిగిందా అని రాశాడు. నా పేరు లేదు. పేరు ఉన్నా బాగుండేది, పోట్లాడుకోవడానికి.

నా మొహం చూసి పక్క సీటావిడ, "ఏంది బిడ్డా, వాంతికొస్తుందా?" అని అడిగింది. బ్యాగులోంచి పెన్సిలు తీశాను. బస్సు కుదుపులకు గీత వంకర పోతున్నా ఆ పేరా పక్కన అబద్ధం అని రాశాను. కిందా రాశాను, పేజీ తిప్పి అక్కడా రాశాను. ఎర్రవల్లి దాటి గద్వాల చేరేలోపు మార్జిన్లన్నీ నిండాయి. ఎక్కడివాడో వచ్చి నాలుగు ఊళ్ళు తిరిగి మా గురించి రాస్తాడా అని ఒంటికాలి మీద లేచాను. మా నాయిన ఎవర్నైనా కొట్టాడా? మా అమ్మ ఎవరికైనా అన్నం లేదందా? ఈ ప్రశ్నలు నిజమైనవే, జవాబులూ నిజమైనవే. ఆ పుస్తకం అడిగిన ప్రశ్న మాత్రం అవి కావు.

ఇంటికొచ్చి పత్రికకు జవాబు రాయడం మొదలుపెట్టాను. నాయిన చదివి వినిపించమన్నాడు. అధికారులు చేలకు వచ్చి పిల్లల్ని లెక్క రాసుకుపోతున్న రోజులవి, ఆయనకు కంటి మీద కునుకు లేదు. "మంచిగ రాయి బిడ్డా. మన ఇజ్జత్ పోతున్నది," అన్నాడు. మళ్ళీ తనే, "అవ్వ ముచ్చట మాత్రం తేకు. పోయిన మనిషి," అన్నాడు. అంటే అవ్వ ముచ్చట ఆయనకు గుర్తుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. జవాబు బాగానే కుదిరింది, పదునుగా ఉంది. పత్రిక సంపాదకుడు వేస్తానన్నాడు, ఒక్క షరతు పెట్టాడు. అప్పట్లో చేనులో పనిచేసిన పిల్ల ఎవరైనా తన మాటగా నాలుగు వాక్యాలు చెబితే బలం ఉంటుందన్నాడు. ఎస్తేరు పెళ్ళి చేసుకుని మా ఊరి కాలనీకే తిరిగొచ్చిందని అమ్మ చెప్పి ఉంది.

వెళ్ళాను. పుస్తకం, కవిత అచ్చైన పత్రిక, నా జవాబు, మూడూ సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం పూట వెళ్ళాను. చీర కట్టిన ఉయ్యాలలో చంటిపిల్ల నిద్రపోతోంది. ఎస్తేరు చాప వేసి, "కూసో పద్మమ్మా," అంది. చేను గట్టు మీద కాదు, తన ఇంట్లో. ముందు కవిత చదివాను. "మంచిగున్నది," అంది. తర్వాత పుస్తకం చూపించి, దానికి నేను రాసిన జవాబు చదివాను. పిల్లలు ఇష్టంగా వచ్చేవాళ్ళనీ, ఆడుతూ పాడుతూ పనిచేసేవాళ్ళనీ, ఏ ఆంక్షా ఉండేది కాదనీ అందులో ఉంది. ఎస్తేరు ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతూ విన్నది.

"దీంట్ల అవ్వ లేదేంది?" అని అడిగింది.

"అవ్వ పోయింది గదా ఎస్తేరూ. ఎందుకని..."

"ఆ పుస్తకంల ఉన్నదా?"

"పేరు లేదు. అట్లాంటి వాళ్ళు ఉండేవాళ్ళని ఉంది."

"మరి ఆయన రాసింది అబద్ధమెట్లయితది?" గొంతులో కోపం లేదు, లెక్క తప్పు చేస్తే అడిగినట్టే అడిగింది. ఉయ్యాల వైపు చూస్తూ అంది: "నాకొక్కటి ఇప్పటికి సమజ్ కాదు పద్మమ్మా. అవ్వకి ఎట్ల తెలిసిందో. మా అమ్మకి సుత తెల్వదు. బట్టకు మరకన్న కనవడ్డదో ఏమో. నీకేమన్న తెలుసునా?"

ఉయ్యాల కిర్రుమంటోంది. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఎవరికీ దొరకదు. తను అడిగింది, నేను ఎదురుగా ఉన్నాను, మూడోవాళ్ళు లేరు. "తెల్వదు," అన్నాను. నా నోటికి మామూలుగా రాని మా ఊరి మాట, ఆ ఒక్కసారి చక్కగా వచ్చింది. ఎస్తేరు నా వైపు చూసి తల ఊపింది. "నా పేరు రాసుకోకు. నాకు తెల్వని ముచ్చట్లు నేను చెప్ప," అని లేచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

జవాబు పంపలేదు. ఎందుకు పంపలేదో సంపాదకుడికి చెప్పలేదు, నాయినకు పత్రిక వేయలేదని చెప్పాను. ఆ కవితను నా ఏ సంపుటిలోనూ చేర్చలేదు, అడిగినవాళ్ళకు అది పసితనపు రచన అని సర్దిచెప్పాను. తర్వాత నేను రాసిన ప్రతి కవితలోనూ గట్టు మీద ఒక ముసలామె ఉందని ఒక విమర్శకుడు కనిపెట్టాడు, గొప్ప ప్రతీక అన్నాడు. ఆమె మా అవ్వ. దొడ్డిగోడ మీది పిల్ల మాత్రం ఎక్కడా లేదు, ఆ పిల్ల గురించి ఎవరూ అడగలేదు కూడా. గద్వాలకు ఉద్యోగం మీద వచ్చాక ఎస్తేరు బజార్లో కనిపిస్తే పలకరించుకునేవాళ్ళం. వానలు, ధరలు, పిల్ల చదువు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఇదే ముచ్చట. ఊళ్ళో ఇప్పటికీ విత్తనపత్తి ఉంది. పదేళ్ళ పిల్లలు అంతగా కనపడరు, పెద్ద ఆడవాళ్ళే ఫోను పాట పెట్టుకుని క్రాసింగు చేస్తున్నారు. గట్టు మీద ఎవరూ ప్రశ్న అడగడం లేదు. పూత మాత్రం వానకు రాలుతూనే ఉంది.

చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. మిగిలింది రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాను. కీర్తన ఆ పేజీ దగ్గరే వేలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఉయ్యాలలో నిద్రపోయిన పిల్ల ఇదే. "గట్టు మీద అడిగేటిది నిజమే మేడం. మా అమ్మను గిట్లనే ఎల్లగొట్టిండ్రంట," అంది. "ఎవరికి తెల్వకుండ దాసుకున్నదంట. ఒక్క మనిషికే చెప్పిన అన్నది. ఎవరమ్మా ఆ మనిషి అంటే మాత్రం చెప్పదు. నువ్వు అడగొద్దు బిడ్డా అంటది."

ఒక్క మనిషికే. కిటికీ కింద ఆ మాట నాతో అన్నది ఎస్తేరే. ఇన్నేళ్ళూ ఈ చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో తెలియదు. తట్టింది, చూడకుండా తోసేశాను, అదీ నిజం. ఆ రోజు ఉయ్యాల ఊపుతూ ఎస్తేరు తెలియక అడగలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆ రాత నాదే," అన్నాను. "పద, మీ ఇంటికి పోదాం."

గద్వాలలో ఇప్పుడు వాళ్ళది రెండు గదుల రేకుల ఇల్లు. ఎస్తేరు బడిలో మధ్యాహ్న భోజనం వండి వచ్చి, గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కీర్తన తలుపు దగ్గర నిలబడిపోయింది.

"అవ్వకు చెప్పింది నేనే ఎస్తేరూ," అన్నాను.

చేట ఆగలేదు. ఒక మట్టిబెడ్డ ఏరి గడప అవతల వేసింది. "తెలుసు," అంది. "నీకు తప్ప ఎవరికి చెప్పిన నేను."

"మరి అప్పుడు..."

"అప్పుడు నేనే అడిగితి గద. నా ఇంటికొచ్చి కూసున్నవు, నోరు తెరిచి అడిగితి. అప్పుడు చెప్పి ఉంటే మంచిగ తిడుతుంటి పద్మా. జుట్టు వట్టుకుని తిడుతుంటి. తిట్టి, ఏడ్చి, మళ్ళ మాట్లాడుకుంటుంటిమి." చేట ఒకసారి చెరిగి, నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు తిట్టనీకి నాకు ఓపిక లేదు."

బియ్యం ఏరడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. పొమ్మనలేదు, ఉండమనలేదు. వచ్చేటప్పుడు పుస్తకం కీర్తన చేతిలో పెట్టాను. ఆ రాతలు చెరపనా మేడం అని అడిగింది. చెరపొద్దని, వాటి కింద నా పేరు రాసుకోమని చెప్పాను.